గాలికి వీపు పెట్టి

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని సీహౌసెస్ రేవులో పడవెక్కేముందు మా గైడ్ మూడు మాటలు చెప్పాడు. టోపీ పెట్టుకోండి, తాడు దాటకండి, గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. నేను మొదటి రెండూ విన్నాను.

ఫార్న్ దీవుల్లో ఒకటైన ఇన్నర్ ఫార్న్ మీద కాలు పెట్టగానే టోపీ సంగతి తెలిసొచ్చింది. ఆర్కిటిక్ టెర్న్‌లు బాట పక్కనే గుడ్లు పెడతాయి, దగ్గరికొస్తే నెత్తిన పొడుస్తాయి. ఏటా అంటార్కిటికా దాకా పోయొచ్చే ఈ పిట్ట బరువు సుమారు 100 గ్రాములు. దాని ధాటికి మా బృందమంతా తలలు వంచుకునే నడిచాం.

అందరూ వచ్చింది మాత్రం పఫిన్ కోసం. నల్లకోటు, తెల్లరొమ్ము, రంగులద్దిన ముక్కు. ఏప్రిల్‌లో ఒడ్డుకొచ్చి, బొరియలో ఒక్క గుడ్డు పెట్టి, పిల్లను సాకి, జులై ముగిసేసరికి సముద్రానికి వెళ్లిపోతుంది. ఎగిరేటప్పుడు రెక్కలు నిమిషానికి 400 సార్లు దాకా ఆడిస్తుంది. షట్టర్ 1/2500 సెకనుకు పెట్టుకుని, ఆ తెల్లరొమ్ము వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, నొక్కుతూనే ఉన్నాను. అరగంట తర్వాత చూస్తే అన్నీ తోకలే!

పక్షి వాలేది ఎదురుగాలిలో. గాలి మన వీపుకు తగిలితే దాని ముఖం మనవైపు ఉంటుంది. మూడో మాట అప్పుడు గుర్తొచ్చింది. గాలికి వీపు పెట్టి నిలబడ్డాను. ముక్కు నిండా వెండితీగల్లాంటి సాండ్ ఈల్ చేపలతో ఒక పఫిన్ సూటిగా నామీదికే వచ్చింది. వాలకుండా తిరిగి వెళ్లింది. మళ్లీ వచ్చింది. నాలుగుసార్లు! నా అదృష్టమే అనుకున్నాను.

గైడ్ నెమ్మదిగా భుజం తట్టాడు. దాని బొరియ బాట అంచునే, సరిగ్గా నా కాళ్ల ముందు ఉందట. అది తిరిగేకొద్దీ ఆ చేపలు లాక్కోవడానికి గల్ పక్షులు కాచుకుని ఉన్నాయి. నాలుగడుగులు వెనక్కి వేశాం. పఫిన్ దిగింది, రెండు సెకన్లలో నేలలోకి మాయమైంది. ఆ దృశ్యం ఎవరి కెమెరాకూ అందలేదు.

2022లో బర్డ్ ఫ్లూ వచ్చి ఈ దీవుల్లో మనుషులు దిగడం ఆపేశారు. ఇన్నర్ ఫార్న్ మళ్లీ తెరుచుకున్నది 2024లో. పక్షిని వెతికిపెట్టడానికి ఇక్కడ గైడ్ అక్కర్లేదు, ఎటు చూసినా పక్షులే. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తప్పుకోవాలో చెప్పడానికే కావాలి.

ఎదురుగా ఎగిరొస్తున్న ఆ పఫిన్ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటారు. వాళ్లు పిట్ట ముక్కు చూస్తారు. నాకు ఫ్రేములో లేని నా కాళ్లు కనిపిస్తాయి.