తిరగలి నుంచి ప్రభువు బల్ల దాకా

ప్రాచీన ఇశ్రాయేలులో తిరగలి చప్పుడు వినబడితే ఊరు బతికున్నట్టే. ఆడవాళ్లు గంటల తరబడి బార్లీ, గోధుమలు విసిరేవారు. పిండి పిసికి, దాచిన పులిపిండి కలిపి, మట్టి పొయ్యి లోపలి గోడకు రొట్టెలు అంటించి కాల్చేవారు. తిరగలిరాయిని తాకట్టు పట్టకూడదని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞ. దాన్ని తీసుకోవడమంటే ప్రాణాన్నే తీసుకోవడమని అది చెబుతుంది.

ఆ చేతిపనిలోనే ఆరాధన ఉంది. పిసికిన పిండిలో మొదటి ముద్ద దేవునిది. పస్కా పండుగలో పులియని రొట్టె ఐగుప్తు నుంచి హడావిడిగా బయల్దేరిన రాత్రికి గుర్తు. దేవాలయంలో ప్రతి విశ్రాంతి దినాన 12 కొత్త సన్నిధి రొట్టెలు పేర్చేవారు.

యేసు ఈ పనిని ఎంతో గౌరవించాడు. పిండిలో పులిపిండి కలిపే స్త్రీ పనిలో పరలోకరాజ్యాన్ని చూపాడు. చివరి రాత్రి రొట్టె విరిచి, అది తన శరీరమన్నాడు. చెదిరి ఉన్నది కూడి ఒక్క రొట్టె అయినట్టు సంఘమూ ఒకటి కావాలని తొలి క్రైస్తవుల ‘డిడాకే’ గ్రంథం ప్రార్థిస్తుంది.

ఆ రొట్టెలు చేసిన స్త్రీలలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు. కానీ యూదు, క్రైస్తవ మతాలు రెండింటి ఆరాధనకూ వాళ్ల శ్రమ కూడా ఆధారం. ఆ చేతులకు మనం రుణపడి ఉన్నాం.