బస్తర్ అరికెలు: కొంటే సరిపోతుందా?

చిన్న రైతుకు ప్రభుత్వం చేయగల మేలు ఏమిటని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ‘మద్దతు ధర’. ఈ జవాబు తప్పు కాదు. కాని పంట పొలం నుంచి కంచం దాకా సాగించే ప్రయాణంలో ధర ఒక మజిలీ మాత్రమే. ఎండబెట్టడం, నిల్వ చేయడం, పొట్టు తీయడం, రవాణా, పంపిణీ అనేవి మిగిలిన మజిలీలు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగతావాటి మీద పెట్టిన ఖర్చు చాలావరకు వృథా అవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో అరికెలు, సామలు, రాగుల సంగతి పరిశీలిస్తే ఈ విషయం తేలికగా బోధపడుతుంది.

బస్తర్ మనకు దూరపు సీమ కాదు. దాని దక్షిణపు అంచు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను తాకుతుంది. శబరి ఒడ్డున ఉన్న కోంటాలో తెలుగు వినిపిస్తుంది. ఈనాటి బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. ఏటా సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంత వాన కురిసే చోట నీటి కరవు ఎందుకు ఉండాలి అని మీకు సందేహం రావచ్చు. జవాబు నేలలో ఉంది. బస్తర్ పీఠభూమి రైతులు తమ భూములను నాలుగు రకాలుగా చెబుతారు. ఎత్తున ఉండే ఇసుక నేల మర్హాన్. దాని దిగువది టిక్రా, ఆ తరువాత మాల్. అన్నిటికన్నా పల్లాన ఉండే బంక నేల గభార్. గభార్‌లో నీరు నిలుస్తుంది, వరి బాగా పండుతుంది. మర్హాన్‌లో పడిన నీరు పడినట్లే ఇంకిపోతుంది. వానలో పది రోజులు విరామం వస్తే అక్కడ వరి వాడిపోతుంది. అరికె, సామ, రాగి తట్టుకుంటాయి.

ఎందుకు తట్టుకుంటాయి? ఈ మూడూ సి-4 మొక్కలు. వరి సి-3 మొక్క. కిరణజన్య సంయోగక్రియకు కావలసిన కార్బన్ డై ఆక్సైడ్‌ను ఆకులోని పత్ర రంధ్రాల గుండా తీసుకునేటప్పుడు మొక్క కొంత నీటిని ఆవిరిగా కోల్పోక తప్పదు. సి-4 మొక్కలు ఆ వాయువును ముందుగా ఒక కణజాలంలో పట్టి, పక్క కణజాలంలో కేంద్రీకరించి వాడుకుంటాయి. అందువల్ల పత్ర రంధ్రాలను ఎక్కువగా తెరవనక్కరలేదు. అదే నీటితో ఎక్కువ పదార్థాన్ని తయారుచేయగలవు. మెట్ట నేలలో ఈ పంటలు వేయడం వెనకబాటుతనం కాదు, నేలను ఎరిగి చేసిన ఎంపిక.

ఈ ఎంపికను ప్రభుత్వం గుర్తించలేదని అనలేము. 2021 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం హైదరాబాద్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థతో ఒప్పందం చేసుకుని మిల్లెట్ మిషన్ ప్రారంభించింది. కేంద్రం మద్దతు ధరలు ప్రకటించే 22 పంటల పట్టికలో రాగి, జొన్న, సజ్జ ఉన్నాయి కాని అరికెలు, సామల పేర్లు లేవు. ఆ లోటును పూరిస్తూ రాష్ట్రం 2021-22లో ఈ రెండింటికీ క్వింటాలుకు 3,000 రూపాయలు నిర్ణయించింది. లఘు అటవీ ఉత్పత్తుల సహకార సమాఖ్య ద్వారా కొనుగోలు ఏర్పాటు చేసింది. సంతలో వ్యాపారి చెప్పిందే ధరగా ఉన్న పంటకు ఇది పెద్ద మార్పు. ఈ మేలును ఒప్పుకున్న తరువాతే లోపాలు ఎత్తిచూపడం న్యాయం.

మొదటి లోపం లెక్కలో ఉంది. ఒక ఎకరం మర్హాన్ నేలలో వరి 8 క్వింటాళ్లు, అరికెలు 4 క్వింటాళ్లు పండాయని లెక్క కోసం అనుకుందాం. 2021-22లో వరి ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 1,940 రూపాయలు. రాజీవ్ గాంధీ కిసాన్ న్యాయ్ యోజన కింద ఎకరాకు మరో 9,000 వచ్చేది. మొత్తం 24,520 రూపాయలు. అరికెలకు 12,000, దానిపై అదే 9,000 కలిపితే 21,000. వరి వేసిన పొలాన్ని అరికెలకు మారిస్తే ఇచ్చేది ఎకరాకు 10,000. అంటే వరిని వదిలినందుకు దక్కే అదనపు ప్రోత్సాహం వెయ్యి రూపాయలు! అసలు ఏనాడూ అరికెలను వదలని రైతుకు ఆ వెయ్యి కూడా లేదు. 2023-24 నుంచి వరికి క్వింటాలుకు 3,100 రూపాయలు, ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు చెల్లిస్తున్నారు. ఈ పరిమితిని చేరుకోగలిగేది పల్లపు నేల రైతు. 2025లో వరి బదులు పప్పులు, నూనెగింజలు, మొక్కజొన్న వంటివి వేసేవారికి కూడా ఆ పథకాన్ని విస్తరించారు. ఇక్కడా కొలబద్ద ‘వరి బదులు’ అనేదే. ఒక చేత్తో చిరుధాన్యాలను నిమురుతూ రెండో చేత్తో వరిని భుజాన మోసే విధానమిది.

రెండో లోపం పొట్టు దగ్గర ఉంది. రాగిని నేరుగా పిండి పట్టించవచ్చు. అరికె అలా కాదు. దాని గింజను పొరలు పొరలుగా గట్టి పొట్టు అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని రోట్లో దంచి తీయడం స్త్రీలకు గంటల తరబడి చాకిరి. ఇంటికి బియ్యం వచ్చినప్పుడు ఆ చాకిరిని వారు మానుకోవడంలో వింత ఏముంది? పంట తగ్గడానికి ధర ఎంత కారణమో రోకలి కూడా అంతే కారణం. కాంకేర్ జిల్లాలో ఒక పెద్ద శుద్ధి కర్మాగారం నెలకొల్పారు. కాని అది సుక్మా, బీజాపూర్ పల్లెలకు ఎంతో దూరం. పైగా ఇక్కడ ఒక రసాయనిక కారణం కూడా ఉంది. పొట్టుతో ఉన్న అరికె గింజ ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. పొట్టు తీయగానే తవుడులోని కొవ్వుకు గాలి తగులుతుంది. ఎంజైములు దాన్ని విడగొడతాయి. కొన్ని నెలల్లోనే చిక్కు వాసన, చేదు వస్తాయి. అందుచేత పొట్టు తీయడం తినే చోటికి దగ్గరగా, అవసరమైనప్పుడు జరగాలి. బ్లాకుకు ఒక చిన్న యంత్రం, దాన్ని బాగుచేయగల మనిషి ఉండడం ఒక మహా కర్మాగారం కన్నా ఎక్కువ ఉపయోగం.

మూడోది ఎండబెట్టే స్థలం. కోత సమయంలో తడిసిన అరికెలలో కొన్ని శిలీంధ్రాలు పెరిగి సైక్లోపియజోనిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేస్తాయి. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో శిలీంధ్రం సోకిన అరికెలను మేసి 10 ఏనుగులు మరణించడం ఈ ప్రమాదాన్ని దేశానికి గుర్తుచేసింది. కొనుగోలు కేంద్రంలో తూకపు యంత్రంతో పాటు తేమ కొలిచే పరికరం, సిమెంటు కళ్లం కూడా ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న: కొన్న ధాన్యం ఎవరు తినాలి? ఛత్తీస్‌గఢ్ రేషన్ వ్యవస్థకు మంచి పేరుంది. 2004లో దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తీసి పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా బృందాలకు అప్పగించారు. 2012లో, కేంద్రం కన్నా ఒక ఏడాది ముందు, ఆహార భద్రత చట్టం చేశారు. ఈ బియ్యం ఆకలిని తగ్గించింది. దాన్ని చిన్నచూపు చూడడం తిండికి లోటు లేనివారికే చెల్లు. అయితే 2013 కేంద్ర చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా చేర్చారు, ముతక ధాన్యాలకు కిలో రూపాయి ధర నిర్ణయించారు. చట్టంలో చోటు ఉందన్న మాట. 2020 జనవరిలో రక్తహీనతను ఎదుర్కోవడానికి బస్తర్ డివిజన్‌లో నెలకు రెండు కిలోల బెల్లం, కిలో 17 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక ప్రాంతం కోసం రేషన్‌లో ఒక వస్తువు చేర్చడం సాధ్యమే అనడానికి ఇదే సాక్ష్యం. బెల్లానికి దొరికిన చోటు అక్కడి మర్హాన్‌లోనే పండే రాగికీ, అరికెకూ ఎందుకు దొరకకూడదు? పొరుగున ఒడిశా 2017లో తన మిల్లెట్ మిషన్ ప్రారంభించి, రాగిని రేషన్ దుకాణాలకు, రాగి లడ్డూను అంగన్‌వాడీలకు చేర్చింది.

ఇక్కడ చిరుధాన్యాల అభిమానులకు కూడా ఒక మాట చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి సామలే మందు అన్న ప్రచారం తొందరపాటు. పాత పట్టికల్లో 100 గ్రాముల సామల్లో 9.3 మి.గ్రా. ఇనుము అని ఉండేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన కొత్త పట్టికల్లో అది 1.3 మి.గ్రా. దరిదాపుల్లోనే ఉంది. రాగిలో కాల్షియం మాత్రం పాత పట్టికలో 344, కొత్త పట్టికలో 364 మి.గ్రా. అంటే ఈ మాట నిలబడింది. నిలబడే మాటలే చెబితే మంచి పంటకు మేలు జరుగుతుంది.

అడవి పంటలోనూ బస్తర్‌కు ఈ అనుభవం ఉంది. మన పులుసులోకి వచ్చే చింతపండులో కొంత జగదల్‌పూర్ మార్కెట్ నుంచి వచ్చేదే. 1999లో జిల్లా యంత్రాంగం గ్రామ బృందాల ద్వారా చింతపండు కొనిపించింది. 2018 ఏప్రిల్ 14న వన్‌ధన్ పథకం బీజాపూర్‌లోనే మొదలైంది. రెండింటి వెనుక ఉన్న ఆలోచన ఒకటే: గింజ తీయడం, శుభ్రం చేయడం, మూట కట్టడం ఊరి దగ్గరే జరిగితే ఆ కూలీ, ఆ లాభం ఊరికే దక్కుతాయి. అరికెల విషయంలోనూ సూత్రం అదే. తేడా ఒక్కటి. చింతపండు బయటి ఊళ్ల కోసం. అరికెలు మొదట ఆ ఊరి పిల్లల కోసం.

కాబట్టి ఒక పథకం ఎన్ని క్వింటాళ్లు కొన్నదని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. ఆ గింజ ఎక్కడ ఎండింది, పొట్టు ఎక్కడ ఊడింది, ఏ అంగన్‌వాడీలో ఉడికింది అని కూడా అడగాలి. గోదాములో ఆగిపోయిన ధాన్యం గణాంకాలకు బలం చేకూర్చవచ్చు. పిల్లల ఎముకలకు మాత్రం చేకూర్చదు.