అద్దాల పెట్టెకు బయట మిగిలినవాళ్లు

సాహిత్య విమర్శ పత్రికలో ప్రదర్శనశాలల చదువు గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కథ, కవిత్వం, నవల, నాటకం — వీటి వస్తువు గురించీ శిల్పం గురించీ మనం ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఫలానా కథలో కూలివాడు ఎక్కడ నిలబడ్డాడు, వాడి తరఫున ఎవరు మాట్లాడారు అని రచయితల్ని నిలదీశాం. కాని మ్యూజియంలో అడుగుపెట్టేసరికి మన విమర్శ చెప్పులతోపాటు గుమ్మం బయటే ఆగిపోతుంది. లోపల ఉన్నదంతా గతం తనంతట తాను వచ్చి కూర్చున్నట్టే చూస్తాం.

గతం తనంతట తాను వచ్చి కూర్చోదు. దాన్ని ఒకరు తెచ్చి కూర్చోబెడతారు. దేన్ని జనం ముందు పెట్టాలి, దేన్ని గోదాములో ఉంచాలి, దేని పక్కన దేన్ని నిలపాలి, వెలుగు ఎక్కడ పడాలి, కింద పలక మీద ఏ మూడు మాటలు రాయాలి — ఇవన్నీ ఎవరో ఒకరి నిర్ణయాలు. ఆ నిర్ణయాలు చేసే మనిషినే క్యూరేటర్ అంటున్నారు. నేను కూర్పరి అంటాను. కావ్యసంకలనం చేసినవాడికి మనం ఇచ్చిన పేరే ఇది. సంకలనకర్తకు దృక్పథం ఉన్నట్టే ఈ కూర్పరికీ ఉంటుంది. కాకపోతే ఇతని దృక్పథం కనిపించదు. కనిపించని దృక్పథాన్ని బయటికి లాగడమే విమర్శ పని.

ఈ పని ఇవాళ స్నాతకోత్తర విద్య అయింది. బరోడా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ శాఖ 1952లోనే మొదలైంది. ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ 1989లో వచ్చింది. పడమటి దేశాల్లో కళాప్రదర్శనలకూ ఫ్యాషన్ ప్రదర్శనలకూ వేర్వేరుగా ఎం.ఏ.లు నడుస్తున్నాయి. మాచర్ల ప్రాంతపు తండా నుంచి వచ్చి డిగ్రీ పూర్తిచేసిన ఒక విద్యార్థిని ఆ మధ్య నన్ను అడిగింది: "ఈ చదువు మాలాంటివాళ్లకు పనికొస్తుందా సార్?" ఉద్యోగం దొరుకుతుందా అన్నది ఆ ప్రశ్నలో సగం మాత్రమే. ఆ చదువు చదివినవాళ్లు ఎవరి కథ చెబుతారు అన్నది మిగతా సగం. నేను ఇక్కడ చర్చించేది ఆ రెండో సగాన్ని.

మాచర్ల నుంచే మొదలుపెడదాం. ఈ ఊరికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో విజయపురి సౌత్ ఉంది. అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఈ లోయలోని శిథిలాలను గుర్తించాడు. మరుసటి ఏడు నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్దయెత్తున తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదికీ, ఒడ్డున అనుపుకూ చేర్చి మళ్లీ కట్టారు. 1966లో కొండమీద మ్యూజియం తెరిచారు. ఇంత పెద్ద ప్రదర్శన కూర్పు మన దేశంలో అరుదు. ఒక లోయలో ఏది బతకాలి, ఏది మునగాలి అని కూర్చుని తేల్చిన కూర్పు అది. ఆ పురాతత్వవేత్తల శ్రమను తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. వాళ్లు లేకపోతే ఇక్ష్వాకుల విజయపురి ఇవాళ నీటి అడుగున బురద.

కాని ఆ లోయలో ఇక్ష్వాకులు మాత్రమే లేరు. ఊళ్లు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి, ఎడ్లు ఉన్నాయి, శ్మశానాలు ఉన్నాయి. మూడో శతాబ్దపు రాయికి కొండమీద చోటు దొరికింది. ఇరవయ్యో శతాబ్దపు రైతు నాగలి ఏ పురావస్తువుల పట్టికకూ ఎక్కలేదు. లోయ చరిత్ర అంటే పదిహేడు వందల ఏళ్ల కిందటిదేనా, అరవై ఏళ్ల కిందటిది కాదా? కూర్పరి చదువు చదివే విద్యార్థికి మొదటి పాఠంగా నేను ఈ ప్రశ్న ఇస్తాను.

మరొక సంగతి. ఈ శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీద. నాగార్జునకొండ శిల్పాలు ఇవాళ ఢిల్లీలో ఉన్నాయి, పారిస్‌లో ఉన్నాయి, న్యూయార్క్‌లో ఉన్నాయి. ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతి స్తూపం పలకల్ని 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. 1859లో అవి ఓడెక్కి లండన్ చేరాయి. మాచర్ల చుట్టుపక్కల ఇవాళ్టికీ సున్నపురాయి తీస్తున్నారు, నాపరాళ్లు కోసి పాలిష్ పడుతున్నారు, రాతిపొడి పీలుస్తూ కూలివాళ్లు బతుకుతున్నారు. దేశదేశాల అద్దాల పెట్టెల్లో మెరిసే రాయికీ, గనిలో కూలివాడి చేతుల్లో పగిలే రాయికీ ఉన్న చుట్టరికాన్ని ఏ పలక చెబుతుంది? 'సున్నపురాయి, మూడో శతాబ్దం, నాగార్జునకొండ' — ఈ మూడు ముక్కలూ సత్యమే. వీటిలో మనిషి లేడు.

మనిషి అప్పటి రాతలో ఉన్నాడు. నాగార్జునకొండ శాసనాల్లో మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన రాజవంశపు స్త్రీ చాంతిసిరి పేరు ఉంది. సింహళ భిక్షువుల కోసం చైత్యం కట్టించిన ఉపాసిక బోధిసిరి పేరు ఉంది. చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన ఛాయాస్తంభాలు అక్కడ ఎన్నో దొరికాయి. రాజుకు, సేనానికి, సైనికుడికే కాక చేతిపనివాడికి కూడా స్మారకస్తంభం నిలిపిన సమాజం అది. దాన్ని స్వర్ణయుగమని నేను అనను. దానం చేసిన చేతి వెనక పన్ను కట్టిన చేయి ఉంటుంది. అయినా పనివాడి పేరు రాతిమీద చెక్కాలన్న బుద్ధి వాళ్లకు ఉంది. కంప్యూటర్ ఉన్న మన కాలంలో ఆ బుద్ధి లేకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

ఇక ఫ్యాషన్. ఈ మాట వినగానే మనలో చాలామంది మొహం చిట్లిస్తారు. అది ధనికుల వేడుక, దానితో మనకేం పని అంటారు. ఇది సగం చూపు. బట్ట అంటే శ్రమ. నాగార్జునకొండ రాతిస్తంభం మీద పొడుగు అంగీ, షరాయి, కోసుగా నిలిచిన టోపీ తొడిగిన శకుడి బొమ్మ ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి భార్యల్లో రుద్రధరభట్టారిక ఉజ్జయిని రాజు కూతురు. పరాయి వేషం ఈ లోయకు ఎలా వచ్చిందో, ఎవరు తొడిగారో, ఎవరు కుట్టారో అడిగితే అది ఫ్యాషన్ చరిత్రే. రాజకీయ చరిత్ర కూడా అదే.

కృష్ణ కిందికి వెళ్తే మచిలీపట్నం. చిరివేరు ఎరుపుతో అక్కడి అద్దకంవాళ్లు వేసిన కలంకారీ బట్టలు పదిహేడో శతాబ్దపు ఐరోపాను ఊపేశాయి. అద్దకపు బట్టను ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో మరొక చట్టం చేసింది. ఒక ఫ్యాషన్‌ను ఆపడానికి పార్లమెంటు దిగివచ్చిందంటే అది వేడుక మాత్రమే ఎలా అవుతుంది? తర్వాతి కథ ఇంకా చేదు. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి భారతీయ నేతబట్టల్ని కత్తిరించి, 700 నమూనాలతో 18 సంపుటాలు తయారుచేశాడు. అలాంటివి 20 ప్రతులు చేయించి, 13 బ్రిటన్‌లో, 7 మన దేశంలో ఉంచారు. చూడడానికి అందమైన పుస్తకాలు. వాటి పని మాత్రం మన జనం ఏ బట్ట కడతారో లాంకషైర్ మిల్లులకు చూపించడం. అవి కదిలే మ్యూజియాలు. పట్టిక రాసిన చేయి ఎంత శ్రద్ధగా రాసిందో, మగ్గం మీది చేతిని అంత శ్రద్ధగానూ ఖాళీ చేసింది. కూర్పు చదువులో ఈ సంపుటాల్ని అందంకోసం మాత్రమే చూపిస్తే ఆ చదువు సగంలో ఆగినట్టే.

ఈ చేదు కథ అక్కడితో అయిపోలేదు. పల్నాటి తండాల్లో ముసలమ్మల పెట్టెల్లో ఫేటియా, కాంచళి, టుక్రి ఇంకా ఉన్నాయి. అద్దాలు, గవ్వలు, రంగుదారాలు ఎక్కించి, నెలల తరబడి చేత్తో కుట్టినవి. వీటిని పట్నంలో ప్రదర్శిస్తే పలక మీద 'గిరిజన కుట్టుపని' అని రాస్తారు. కుట్టిన స్త్రీ పేరు ఉండదు, ఏ తండాయో ఉండదు, ఆ బట్ట ఏ ధరకు చేతులు మారిందో అసలే ఉండదు. ఆ ప్రదర్శన చూసి నమూనా గీసుకుపోయిన డిజైనర్ పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. 'అజ్ఞాత కళాకారుడు' అన్న మాట నాకు ఎప్పుడూ అనుమానమే. అజ్ఞాతంగా ఎవరూ ఉండరు. వాళ్లను అడగనివాళ్లు ఉంటారు.

దీనికి భిన్నమైన కూర్పు కూడా పల్నాటిలోనే ఉంది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు — రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు — ఉత్సవం జరుగుతుంది. వీరాచారవంతులు ఊరూరి నుంచి కొణతాలు అని పిలిచే వీరుల ఆయుధాల్ని మోసుకొస్తారు. ఆ ఆరాధనను, ఆ శివాల్ని నేను సమర్థించడం లేదు. కోడిపందెం మీద మొదలై వంశాల్ని మింగిన భూస్వామ్య పోరు అది. కాని కూర్పు దృష్టితో చూడండి. ప్రతి ఆయుధానికీ ఒక వీరుడి పేరుంది, మోసే ఇల్లుంది, చెప్పే కథ ఉంది. బ్రహ్మనాయుడి చాపకూడును జనం వల్లించడంతో సరిపెట్టుకోరు, కూర్చుని తింటారు. మాల కన్నమదాసు పేరు లేకుండా ఆ కథ నడవదు. అదే కొణతాన్ని అద్దాల పెట్టెలో పెట్టి 'ఈటె, ఇనుము, మధ్యయుగం' అని రాస్తే ఆ వస్తువు దక్కుతుంది, దాని అర్థం పోతుంది. సారం లేని రూపం అని సాహిత్యంలో మనం దేన్ని అంటామో అదే ఇది.

ఇప్పుడు డబ్బు సంగతి. 2023లో ముంబయిలో అంబానీల సాంస్కృతిక కేంద్రంలో 'ఇండియా ఇన్ ఫ్యాషన్' ప్రదర్శన మొదలైంది. భారతీయ బట్ట పడమటి ఫ్యాషన్ మీద వేసిన ముద్ర దాని వస్తువు. అదే ఏడాది జూలై 21న న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలి బౌద్ధ శిల్పాల ప్రదర్శన మొదలైంది. జాన్ గై కూర్చిన ఆ ప్రదర్శనలో 125కు పైగా వస్తువులు ఉన్నాయి. మన కృష్ణాలోయ శిల్పాలు, తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు వాటిలో ఉన్నాయి. దాని పోషకుల్లోనూ రిలయన్స్ ఉంది. రెండూ విలువైన పనులే. ఫణిగిరి రాయిని ప్రపంచం చూడడం మనకు సంతోషమే. కాని అటు బట్టకూ ఇటు రాయికీ పోషకుడు ఒకడే అయినప్పుడు, ఆ పోషకుడికి ఇబ్బంది కలిగించే ప్రశ్నను కూర్పరి పలక మీద రాయగలడా? కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న ప్రభువుకు కవి ఏం చెప్పగలిగాడు, ఏం మింగాడు అని మనం వెతికాం కదా! కూర్పరి విషయంలోనూ అదే వెతకాలి.

ఇక్కడ రెండు వైపులనుంచీ అభ్యంతరాలు వస్తాయి. 'కళను కళగా చూడనివ్వండి, పలక నిండా కూలీల లెక్కలు రాస్తే చూసేవాడి కళ్లకు ఆనందం మిగలదు' అన్నది ఒకటి. బోధిసిరి పేరు తెలిసినవాడికి ఆ చైత్యం తక్కువ అందంగా కనిపిస్తుందా? నాకైతే ఎక్కువ కనిపిస్తుంది. రెండోది మన వాళ్ల నుంచే: 'మ్యూజియం పాలకవర్గాల సొత్తు, మనం పోయి చేసేదేముంది?' ముద్రణాలయం కూడా ఒకప్పుడు వాళ్ల సొత్తే. మనం పత్రికలు పెట్టుకోలేదా? వదిలేసిన చోటును ఖాళీగా ఎవరూ ఉంచరు. మనం రాయని పలకను మరొకరు రాస్తారు.

కాబట్టి ఆ విద్యార్థినికి నా జవాబు: పనికొస్తుంది, వెళ్లి చదువు. దీపాలు అమర్చడం, తేమ కొలవడం, బట్టకు పురుగు పట్టకుండా కాపాడడం, బీమా కాగితాలు రాయడం — ఇవన్నీ నేర్చుకోవలసిందే. పనితనం లేని నిబద్ధత ఏ రంగంలోనూ నిలవదు. కాని ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలు అడుగు. నిన్ను ఎవరు చేశారు? నువ్వు ఏ దారిన ఇక్కడికి వచ్చావు? నిన్ను ఇక్కడ నిలపడానికి ఎవరు ఖర్చుపెట్టారు? ఈ మూడింటికీ జవాబు రాసిన పలకే నా దృష్టిలో పూర్తి పలక. ఆ పలక తెలుగులోనూ ఉండాలి, లాంచీ దిగిన నాపరాళ్ల కూలీకి చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో.

రచయితలుగా మనకూ ఒక పని ఉంది. పుస్తకాల్ని సమీక్షించినట్టే ప్రదర్శనల్నీ సమీక్షిద్దాం. నాగార్జునకొండ లోయ వదిలి వచ్చిన కుటుంబాల వృద్ధులు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ల మాట, వాళ్ల ఇంటి సామాను, వాళ్ల ఊళ్ల పేర్లు రాసిపెడదాం. పల్నాటి కళాశాలల విద్యార్థులు ఒక వేసవి సెలవుల్లో చేయగల పని ఇది. రేపు ఎవరైనా ఆ లోయ మీద మరొక ప్రదర్శన కూర్చడానికి పూనుకుంటే, మునిగిన ఊళ్ల గురించి సమాచారం దొరకలేదని చెప్పే వీలు వాళ్లకు ఉండకూడదు.