ధారకు ముహూర్తము

ఉరుకుంద ఈరన్నకు మ్రొక్కుకొని బ్రదుకు మా పడమటి సీమవారికి నీరనిన నేలమీద పారునదే. తుంగభద్ర దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు చేలనడుమ నెమ్మదిగా సాగిపోవుట నిత్యము చూతుము గాని, కొండకొమ్మునుండి నీరు దూకుట మా కన్నులకు అపురూపము. ఆ కొరతచేతనే కాబోలు, ఈరన్న సన్నిధిలో శ్రావణమాసపు సందడి సద్దుమణగినంతనే "అహోబలమునకు పోదము" అను మాట ఇంటింట పుట్టును. ఇక్కడి స్వామియు నరసింహుడే, అక్కడి స్వామియు నరసింహుడే కనుక వేరొక కారణము వెదుకనక్కరలేదు. అయినను నాబోటివాని చూపు మాత్రము జ్వాలా నరసింహుని సన్నిధియొద్ద బండపైనుండి జాఱిపడు భవనాశిని ధారమీదనే యుండును. ఎత్తు కోరువారు 270 అడుగుల తలకోనకో, కన్నడదేశమున 830 అడుగుల జోగునకో పోవచ్చును. మాకిది చాలును.

ఇట్టి ప్రయాణమును కుదుర్చుట యొక విద్య. చాలమంది బడి సెలవులను చూచుకొని వేసవిలో బయలుదేరి, ధార పడవలసిన చోట తడిమరకను చూచి మరలివత్తురు. నల్లమలలో తొలకరి పడినను ఎండలకు కాగియున్న నేల ఆ తొలివానలను తానే త్రాగివేయును. భాద్రపద ఆశ్వయుజములలో గాని వాగులు నిండుగా పారవు. చెనక్కాయ చేలలో కలుపు ముగిసి, పత్తి తీత మొదలుకాని ఆ కొద్దిదినములే మాకును తీరిక. అప్పుడైనను, కాలువ చివరి రైతు పైరైతును "ఏమప్పా, నీళ్లొచ్చినాయా?" అని అడిగి గాని పొలమునకు కదలనట్లు, ఆళ్లగడ్డలో తెలిసినవారికి ఫోను చేసి, వాన ఎన్నడు పడినది, వాగు దాటవచ్చునా అని విచారించి గాని సంచి సర్దరాదు. నిన్న కుండపోతగా కురిసినదనిన, రెండు దినములు ఆగుటయే మేలు. స్వాతి నక్షత్రమునాడు జనసమ్మర్దము తప్పదు. దర్శనమే ప్రధానమైనవారికది పుణ్యదినము, ధారయొద్ద నిలువగోరువారికి మాత్రము కాదు.

త్రోవలో చిక్కేమియు లేదు: ఆదోనిలో రైలెక్కి గుంతకల్లున మారి నంద్యాల చేరవచ్చును, లేదా కర్నూలు మీదుగా బస్సు. రాత్రికి దిగువ అహోబలమున బసచేసి, తెల్లవారకముందే ఎనిమిది కిలోమీటర్ల దూరముననున్న ఎగువ సన్నిధికి చేరవలెను. కష్టమంతయు అటుపిమ్మటనే. వాగు వెంబడి గుండ్లమీదుగా సాగు ఆ దారిలో చేతికఱ్ఱయే ప్రధానము. పొడిగా కనబడు రాతికి కూడ నీటి అంచున పచ్చని పాచి పట్టియుండును, అడుగు వేయుటకు ముందు కఱ్ఱకొనతో గీచి చూడవలెను. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి గుడ్డసంచిలో కట్టి తువాలు క్రింద దాచుకొననిచో అవి కోతుల పాలగును. తేటగానున్న వాగు ఉన్నట్టుండి ఎఱ్ఱబడి, ఆకులును పుల్లలును కొట్టుకొని రాజొచ్చినయెడల, ఎగువ వాన కురిసినదని గ్రహించి, ధార కనుచూపు మేరలోనేయున్నను గట్టెక్కవలెను. స్వామియే రక్షించునని వాదించువారితో నేను ప్రతివాదము చేయను; చేయి పట్టుకొని లాగుదును.

వృద్ధులున్నచో డోలీమాట ముందురాత్రియే తేల్చుకొనవలెను. తెల్లవారి మెట్లకడ బేరమాడుచు నిలిచినచో పొద్దెక్కును. ఈ మారు మా జేజి కూడ వచ్చుచున్నది. డోలీమాట ఎత్తగానే, "ఉరుకుందకు నడిచిపోయొచ్చిన కాళ్లురా ఇవి" అని కసరుకొనెను. కావున అనుకొన్నదానికన్న గంటముందుగా బయలుదేరుటకు నిశ్చయించుకొంటిమి.