విచారణ ఎవరి మీద?

2017 అక్టోబరులో పాకిస్తాన్‌లోని లాహోర్‌లో ఒక ప్రత్యేక న్యాయస్థానం ప్రారంభమయింది. స్త్రీలపై జరిగే హింసకు సంబంధించిన కేసులను విచారించడానికే ఏర్పడిన న్యాయస్థానాలలో ఆ దేశంలో అది మొదటిది. అప్పటి లాహోర్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సయ్యద్ మన్సూర్ అలీ షా హయాంలో అది వెలిసింది. న్యాయమూర్తులకు, ప్రాసిక్యూటర్లకు శిక్షణ ఇవ్వడంలో ఆసియా అభివృద్ధి బ్యాంకు తోడ్పడింది. ఫిర్యాది నిందితుని ముఖం చూడవలసిన అగత్యం లేకుండా మధ్య తెర ఉంటుంది. ఆమె వేచి ఉండడానికి వేరే గది ఉంటుంది. బహిరంగ న్యాయస్థానంలో నోరు విప్పలేని వారి వాంగ్మూలం మరొక గది నుంచి యంత్రం ద్వారా తీసుకునే వీలుంది. 2019లో, జిల్లాకు కనీసం ఒకటి చొప్పున దేశమంతటా ఇటువంటి న్యాయస్థానాలు నెలకొల్పుతామని సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆసిఫ్ సయీద్ ఖోసా ప్రకటించారు.

ఈ ప్రయత్నాన్ని గురించి రెండు రకాల అభిప్రాయాలు వినబడుతూ వచ్చాయి. పరాయి సొమ్ముతో, పరాయి పరిభాషతో వచ్చిన ఏర్పాటు కనుక ఇది ముస్లిం సమాజానికి తగదన్నది ఒకటి. ఇస్లామీయ చట్టం చేసిన గాయాన్ని ఆధునిక న్యాయస్థానం మాన్పుతున్నదన్నది రెండవది. పైకి ఇవి పరస్పర విరుద్ధాలుగా కనిపించినా, రెండింటికీ ఆధారం ఒకే ఊహ. ఫిర్యాదు చేసిన స్త్రీని అనుమానించే పద్ధతి షరీఅత్ నుంచి వచ్చిందని, ఆమెను గౌరవించే పద్ధతి బయటి నుంచి వచ్చిందని ఇరుపక్షాలూ అనుకుంటున్నాయి. చట్టాల పాఠాలను పక్కపక్కన ఉంచి చదివితే ఈ ఊహ నిలవదు.

1872 నాటి ఉపనిబంధన

బ్రిటిష్ పాలకులు 1872లో భారతదేశానికి ఒక సాక్ష్య చట్టం చేశారు. దాని రచయిత జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఆ చట్టంలోని 155వ సెక్షన్ నాలుగవ ఉపనిబంధన ప్రకారం, అత్యాచారం కేసులో నిందితుడు ఫిర్యాది సాధారణంగా నీతి తప్పిన స్త్రీ అని చూపి, ఆమె మాట నమ్మదగినది కాదని వాదించవచ్చు. ఆ రోజున ఆ చోట ఏమి జరిగిందన్న ప్రశ్న వెనక్కు పోయి, ఆమె ఎటువంటిది అన్న ప్రశ్న ముందుకు రావడానికి చట్టమే దారి తీసిందన్నమాట.

1984లో జనరల్ జియా ఉల్ హఖ్ ప్రభుత్వం సాక్ష్య చట్టాన్ని ఇస్లామీయ ఆదేశాలకు అనుగుణంగా మారుస్తున్నట్లు చెప్పి ‘ఖానూనె షహాదత్’ను జారీ చేసింది. పేరు మారింది, క్రమసంఖ్యలు మారాయి. కాని 151వ అధికరణం నాలుగవ క్లాజులో స్టీఫెన్ వాక్యమే చెక్కుచెదరకుండా కొనసాగింది. ఇస్లాం పేరు పెట్టుకున్న చట్టంలో విక్టోరియా యుగపు ఆంగ్లేయుని అనుమానం అలాగే నిలిచింది. భారతదేశం ఆ ఉపనిబంధనను 2002 సవరణ చట్టంతో తొలగించింది. పాకిస్తాన్ 2016లో తొలగించింది.

సూరె నూర్‌ను శ్రద్ధగా పఠించిన వారికి ఇక్కడి వైపరీత్యం వెంటనే బోధపడుతుంది. ఆ సూరె నాలుగవ ఆయతు శీలవతులైన స్త్రీలపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేని వారికి ఎనభై కొరడా దెబ్బల శిక్ష విధించింది. అంతటితో ఆగక, అటువంటి వారి సాక్ష్యాన్ని ఇక ఎన్నడూ స్వీకరించరాదని ఆదేశించింది. అంటే స్త్రీ శీలంపై నోరు పారేసుకున్నవాని సాక్ష్యమే దివ్యఖుర్ఆన్ దృష్టిలో చెల్లనిది. 1872 నాటి ఉపనిబంధన అదే సన్నివేశంలో స్త్రీ సాక్ష్యాన్ని చెల్లనిదిగా చేయడానికి వీలు కల్పించింది. ఒకదానిని మరొకటి సరిగ్గా తలకిందులు చేస్తున్నది. హజ్రత్ ఆయిషా (రజి)పై వచ్చిన అపవాదు సందర్భంలో ఆధారం లేని మాటను నోటి నుంచి నోటికి మోసిన వారిని మందలించిన ఆయతులు కూడా ఈ సూరెలోనివే.

పేరులోనే ఉన్న పొరపాటు

ఇంతమాత్రం చెప్పి, దోషమంతా ఆంగ్లేయులదేనని తేల్చివేయడం న్యాయం కాదు. 1979 ఫిబ్రవరి 10న అమలులోకి వచ్చిన జినా ఆర్డినెన్సును కూడా పరిశీలించవలసి ఉంది. అందులో అత్యాచారానికి పెట్టిన పేరు ‘జినా బిల్ జబర్’. అంటే బలవంతంతో కూడిన వ్యభిచారం. అనువాదంతో పరిచయమున్న వారికి ఈ పదబంధంలోని చిక్కు తెలుస్తుంది. ఇందులో ముఖ్యపదం జినా, బలవంతం దానికి విశేషణం. విశేషణం రుజువు కాకపోతే మిగిలేది ముఖ్యపదమే. రెండు నేరాలూ ఒకే ఆర్డినెన్సులో పక్కపక్కనే ఉన్నందువల్ల, బలవంతాన్ని నిరూపించలేని స్త్రీ నోటి మాటే ఆమె జినాకు ఒప్పుకోలుగా మారే ప్రమాదం ఏర్పడింది.

తెలుగువారు ఈ విషయంలో గర్వించవలసింది ఏమీ లేదు. మన పత్రికలు చిరకాలం వాడిన ‘మానభంగం’ అన్న మాట కూడా నేరం చేసినవానిని చూపదు. భంగపడినది స్త్రీ మానమని చెప్పి ఊరుకుంటుంది.

అరబ్బీ ఫిఖహ్‌లో వేరే మాటలు లేకపోలేదు. నిర్బంధాన్ని ‘ఇక్రాహ్’ అన్నారు. అన్యాయంగా ఆక్రమించడాన్ని ‘గస్బ్’ అన్నారు, ‘ఇగ్తిసాబ్’ దాని నుంచి పుట్టినదే. ఆరవ హిజ్రీ శతాబ్దంలో మరణించిన అందలూసియా మాలికీ పండితుడు ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ మరొక అడుగు ముందుకు వేశారు. దారి కాచి ధనం దోచడం హిరాబా అయినప్పుడు, స్త్రీని బలవంతంగా ఎత్తుకుపోయి చెరచడం అంతకన్నా ఘోరమైన హిరాబా అని ఆయన వాదించారు. హిరాబాగా చూస్తే అది సమాజ భద్రతపై జరిగిన దాడి అవుతుంది. అప్పుడు దోపిడీకి గురైన బాటసారి శీలాన్ని ఎవరూ విచారించనట్లే ఆమె శీలాన్నీ విచారించే అవసరం ఉండదు.

ఆర్డినెన్సులోని చిక్కు ఊహాజనితం కాదు. 1983లో సఫియా బీబీ అనే చూపులేని యువతి తనపై అత్యాచారం జరిగిందని చెప్పింది. నిందితులు చాలినంత సాక్ష్యం లేదని విడుదలయ్యారు. ఆమె గర్భమే ఆమెపై సాక్ష్యమయింది. మూడేళ్ల జైలు, 15 కొరడా దెబ్బలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. ఫెడరల్ షరీఅత్ కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 2002లో కోహాట్‌లో జఫ్రాన్ బీబీకి దిగువ న్యాయస్థానం ఏకంగా రాళ్లతో కొట్టి చంపే శిక్ష విధించింది. అదే ఏడు ఫెడరల్ షరీఅత్ కోర్టు ఆమెను విడుదల చేసింది. బలవంతం జరిగిందని స్త్రీ చెబుతున్నప్పుడు గర్భం ఒక్కటే ఆమె సమ్మతికి రుజువు కాదన్నది ఆ తీర్పుల సారం. ఆ ఇద్దరినీ రక్షించింది షరీఅత్ న్యాయస్థానమేనన్నది గమనార్హం. రక్షణ వచ్చేవరకు వారు చెరలో ఉన్నారన్నది కూడా అంతే గమనార్హం.

2006లో స్త్రీల రక్షణ చట్టం అత్యాచారాన్ని ఈ ఆర్డినెన్సు నుంచి తీసి శిక్షాస్మృతిలో చేర్చింది. ముఫ్తీ తఖీ ఉస్మానీ వంటి పెద్ద పండితులు దానిని గట్టిగా వ్యతిరేకించారు. నలుగురు సాక్షుల నియమం హద్దు శిక్షకే వర్తిస్తుందని, సాధారణ సాక్ష్యంతో తాజీర్ శిక్ష విధించే వీలు ఆర్డినెన్సులో ఉందని, లోపం పోలీసుల దుర్వినియోగంలో ఉందని ఆ పక్షం వాదించింది. మొదటి రెండు మాటలూ నిజం. ఆర్డినెన్సును ఖండించిన వారిలో చాలామంది తాజీర్ సంగతి మరచిపోయారు. కాని దుర్వినియోగానికి తలుపు తెరచి ఉంచిన పాఠం తన బాధ్యత నుంచి తప్పించుకోలేదు. ఖజఫ్ నేరానికి కూడా 1979లోనే మరొక ఆర్డినెన్సు వచ్చింది. సద్భావంతో అధికారులకు చేసిన ఫిర్యాదును అది మినహాయించింది. భార్య పైనో, కూతురి పైనో జినా ఫిర్యాదు చేసిన వారికి ఆ మినహాయింపు చక్కగా ఉపయోగపడింది. సూరె నూర్ స్త్రీకి ఇచ్చిన కవచం ఈ విధంగా కాగితంపై మిగిలిపోయింది.

హైదరాబాదు జ్ఞాపకం

ఈ చర్చ పొరుగుదేశపు వ్యవహారమని తెలుగు ముస్లిములు పక్కకు నెట్టలేరు. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజాబీపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త అహమ్మద్ హుసేన్ పోలీసు దెబ్బలకు మరణించాడు. నగరం అట్టుడికింది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ విధించారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల దోషాన్ని నిర్ధారించింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో నిందితులందరూ విడుదలయ్యారు.

కమిషన్ ఎదుట పోలీసుల పక్షం ఎక్కుపెట్టినది ఆమె శీలం మీదనే. ఆమె వేశ్య అన్నారు. ఆమె నికాహ్ చెల్లుతుందా అని అడిగారు. అక్కడ హుదూద్ ఆర్డినెన్సు లేదు, షరీఅత్ కోర్టు లేదు. ఉన్నది 1872 చట్టం, దానితోపాటు సమాజంలో పాతుకుపోయిన అనుమానం. నికాహ్ చర్చకు షరీఅత్ పదజాలం దొరికింది గాని ఖజఫ్ ఆయతు ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె ఎవరి భార్య అయినా, ఎవరి భార్య కాకపోయినా, ఠాణాలో జరిగినది నేరం కాకుండా పోదన్న సులువైన ధర్మసూత్రం మరుగున పడింది.

న్యాయస్థానం గోడలకు వెలుపల

ఈ వెలుగులో లాహోర్ ప్రయత్నాన్ని చూస్తే దాని విలువ, దాని పరిమితి రెండూ స్పష్టమవుతాయి. తెర, వేరే గది, శిక్షణ పొందిన న్యాయమూర్తి – వీటన్నిటి ప్రయోజనం ఒక్కటే. విచారణ స్త్రీ మీద నుంచి నేరం మీదికి మళ్లాలి. ఇందులో ఇస్లాంకు పరాయిది ఏదీ లేదు. ప్రవక్త (స) కాలంలో నమాజుకు బయలుదేరిన ఒక స్త్రీపై దారిలో అత్యాచారం జరిగిన ఉదంతాన్ని వాయిల్ బిన్ హుజ్ర్ (రజి) ఉల్లేఖించారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో అది ఉంది. చీకటివేళ ఎందుకు బయటికి వచ్చావని ఆమెను ఎవరూ అడిగినట్లు అందులో లేదు. ఆమెకు దైవక్షమ లభించిందని చెప్పి పంపివేశారు. అదే ఉదంతంలో మొదట పట్టుబడినవాడు నిర్దోషి. అసలు నేరస్థుడు ముందుకు వచ్చి ఒప్పుకున్న తరువాత అతడు బయటపడ్డాడు. స్త్రీని అవమానించకుండానే నిందితుని విషయంలో కూడా జాగ్రత్త వహించవలసి ఉందన్న హెచ్చరిక ఇందులో ఉంది.

పరిమితి మరొక చోట ఉంది. న్యాయస్థానం గొలుసులో చివరి కడియం మాత్రమే. ఫిర్యాదు రాసుకునే ఠాణా, పరీక్ష చేసే వైద్యుడు, అభియోగం నడిపే ప్రాసిక్యూటరు వేర్వేరు శాఖల వారు. ఒక కడియం తెగినా తెర వెనుక కూర్చున్న స్త్రీకి ఒరిగేది ఉండదు. లాహోర్‌లో కొత్త న్యాయస్థానం తెరచిన తరువాత కూడా వైద్యశాలలో రెండు వేళ్ల పరీక్ష సాగుతూనే వచ్చింది. న్యాయస్థానం అడగరాదన్న ప్రశ్నకు వైద్యుని కాగితం జవాబు రాసి పంపేది. 2021 జనవరిలో లాహోర్ హైకోర్టు న్యాయమూర్తి ఆయిషా మలిక్ ఆ పరీక్ష చట్టవిరుద్ధమని తీర్పు చెప్పారు. అదే సంవత్సరం వచ్చిన అత్యాచార నిరోధక చట్టం ప్రత్యేక న్యాయస్థానాలతోపాటు ఆసుపత్రులలో సహాయ విభాగాలను కూడా నిర్దేశించి, ఠాణాను, వైద్యుని, న్యాయస్థానాన్ని ఒక తాటిపైకి తేవడానికి ప్రయత్నించింది. మొదట గది, తరువాత గొలుసు – ఈ క్రమం తారుమారైనందువల్ల నాలుగేళ్లు పోయాయి.

అన్నిటికన్నా బలహీనమైన కడియం కుటుంబం, బిరాదరీ. చట్టం ప్రకారం అత్యాచారం రాజీకి వీలులేని నేరం. అయినా పెద్దలు కూర్చుని ఒప్పందం కుదురుస్తారు. ఫిర్యాది న్యాయస్థానంలో మాట మార్చుకుంటుంది, కేసు కూలిపోతుంది. దీనికి ‘సులహ్’ అన్న పవిత్రమైన పేరు పెడతారు. హక్కుదారు స్వేచ్ఛగా తన హక్కును వదులుకుంటేనే అది సులహ్. నోరు నొక్కి పుచ్చుకున్న మౌనం సులహ్ కాదు, మరొక ఇక్రాహ్. శిక్షణ న్యాయమూర్తులకు ఇచ్చారు. మొహల్లా పెద్దలకు, నికాహ్ చదివించే ఖాజీలకు, జుమా ఖుత్బా చెప్పే ఖతీబులకు ఆ శిక్షణ ఎవరు ఇవ్వాలన్నది మిగిలిపోయిన ప్రశ్న. దానికి బ్యాంకు సమాధానం చెప్పలేదు. సూరె నూర్‌ను మదర్సాలలో పాఠంగా బోధించేవారే చెప్పాలి.

భారతదేశంలో 2024 జూలై 1 నుంచి 1872 సాక్ష్య చట్టం స్థానంలో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. స్టీఫెన్ వాక్యం ఇప్పుడు సరిహద్దుకు ఇటు గాని అటు గాని చట్టపుస్తకంలో లేదు. అది ఇంకా మిగిలి ఉన్నది వీధి అరుగుల మీద, పెళ్లి మాటలలో, ఒక స్త్రీ ఫిర్యాదు చేసిందని తెలియగానే ఆమె ఎటువంటిదని ఆరా తీసే నాలుకల మీద. ఆ నాలుకల సాక్ష్యం స్వీకరించరాదని పధ్నాలుగు శతాబ్దాల క్రితమే తీర్పు వెలువడింది.