బోనులోని దూరం: సర్కస్ మృగవిన్యాసంలో కళ, ప్రమాదం

సర్కస్‌లో సింహాలనూ పులులనూ ఆడించే విద్యపై వచ్చిన రచనలు ఎక్కువగా రెండు దారుల్లో నడిచాయి. కొన్ని శిక్షకుని సాహసాన్ని కీర్తిస్తాయి. మరికొన్ని మృగం పడే బాధను నిరసిస్తాయి. మొదటివాటికి కళ కనిపిస్తుంది గాని దాని మూల్యం కనిపించదు. రెండోవాటికి మూల్యం కనిపిస్తుంది గాని అక్కడొక విద్య ఉందన్న సంగతే పట్టదు. ఆ విద్య పనిచేసే తీరును దగ్గరగా చూస్తేనే దానిపై మోపవలసిన అభియోగమూ స్పష్టమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

స్విట్జర్లాండ్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ జంతుప్రదర్శనశాలలనూ సర్కస్‌లనూ పరిశీలించి వివరించిన పలాయన దూరం, సంకట దూరం అనే భావనలు ఇక్కడ కీలకం. మనిషి ఒక హద్దు దాటి సమీపిస్తే అడవిమృగం తొలగిపోతుంది. తొలగడానికి చోటు లేనప్పుడు మనిషి ఇంకా దగ్గరైతే మీదికి వస్తుంది. శిక్షకుడు సింహాన్ని బోను అంచుకు నెట్టి, ఈ రెండో హద్దును కొద్దిగా దాటుతాడు. సింహం అతనివైపు కదులుతుంది. మధ్యలో ఒక పీట ఉంటుంది. రావాలంటే దాన్ని ఎక్కాలి. ఎక్కిన క్షణంలో శిక్షకుడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ముప్పు తగ్గింది గనుక సింహం పీటమీదే ఆగిపోతుంది. ప్రేక్షకుల కంటికి అది ఆజ్ఞాపాలన. నిజానికది సగంలో నిలిచిన దాడి. ఆ అడుగు ఎప్పుడు వేయాలో ఎరగడమే ఈ విద్యలోని శిల్పం. హద్దు ఒక్కొక్క మృగానికి ఒక్కొక్క చోట ఉంటుంది. నిన్నటి హద్దు ఇవాళ ఉంటుందన్న నమ్మకం లేదు. చెవుల వాలు, తోక కదలిక, ఊపిరి తీరు చదవడం ఏళ్ల తరబడి సాగే అధ్యయనం. దీన్ని కేవలం క్రౌర్యం అని కొట్టిపారేయడం విమర్శ అనిపించుకోదు.

అయితే ఈ శిల్పానికి ముడిసరుకు ఏమిటి? మృగానికి తప్పించుకునే దారి లేకపోవడమే. జర్మనీకి చెందిన కార్ల్ హాగెన్‌బెక్ కాల్చిన ఇనుపకడ్డీల స్థానంలో ఓర్పునూ మాంసపు ముక్కనూ ప్రవేశపెట్టి శిక్షణను సంస్కరించాడు. అది చిన్న మార్పు కాదు. కాని బోను అలాగే ఉంది.

అమెరికాకు చెందిన క్లైడ్ బీటీ 1933లో ఎడ్వర్డ్ ఆంథొనీతో కలిసి వెలువరించిన 'ది బిగ్ కేజ్' వీరరస ధోరణికి పరాకాష్ఠ. అతని ప్రదర్శనలో కొరడా, కుర్చీ, ఉత్తుత్తి తూటాల పిస్తోలు ఉండేవి. గర్జించడం, పంజా విసరడం కూడా అందులో విన్యాసాలే. దీనికి పూర్తి భిన్నంగా గుంథర్ గెబెల్-విలియమ్స్ చిరుతను భుజాలపై మోస్తూ సఖ్యాన్ని ప్రదర్శించాడు. రెండో పద్ధతి సౌమ్యమైనదే. కాని తనకూ మృగానికీ మధ్య ఘర్షణ ఉన్నదన్న సత్యాన్ని బీటీ దాచలేదు. చెప్పడంలో అతిశయోక్తులు ఎన్ని ఉన్నా, ఈ ఒక్క విషయంలో అతనిదే ఎక్కువ నిజాయితీ అని నా అభిప్రాయం.

ప్రమాదం ప్రేక్షకుడు ఊహించే చోట ఉండదు. 1928లో బాంగర్ పట్టణంలో మేబెల్ స్టార్క్‌ను పులులు తీవ్రంగా గాయపరచడానికి దారితీసింది ఏదో దుస్సాహస విన్యాసం కాదు. తడినేల మీద ఆమె కాలు జారడం. నిటారుగా నిలబడిన మనిషితో కుదిరిన దూరపు లెక్క, పడిపోయిన మనిషి విషయంలో చెల్లదు. 2003 అక్టోబరు 3న లాస్ వేగాస్ వేదికపై రాయ్ హార్న్ మెడను పులి కరచిన తరువాత, అది తనను కాపాడబోయిందని ఆయన పక్షం చెప్పింది. ఇక్కడ విమర్శకుడు ఆగవలసి ఉంది. దాడిని సైతం వాత్సల్యంగా వ్యాఖ్యానించినప్పుడు పులి శిక్షకుని కథలో ఒక పాత్రగా మారిపోతుంది. దాని సొంత కారణానికి ఆ కథలో చోటు లేదు.

మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, నాట్యంలో భయం అనుకరణ అని నటుడికీ తెలుసు, సామాజికుడికీ తెలుసు. రసానుభవం ఆ ఎరుకపైనే ఆధారపడుతుంది. సర్కస్ బోనులో శిక్షకుడు నటుడు, జనం సామాజికులు. ఇది ఆట అని తెలియనిది మృగం ఒక్కటే. అందుచేత ఇక్కడి శిల్పాన్ని అంగీకరిస్తూనే దీన్ని నాట్యకళతో సమానంగా నిలపడం కుదరదు.

భారతదేశంలో ఈ వివాదం న్యాయస్థానానికి చేరినప్పుడు సర్కస్ యాజమాన్యాలు వృత్తిస్వేచ్ఛను ముందుకు తెచ్చాయి. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ఆడించరాదన్న 1998 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటనను సర్వోన్నత న్యాయస్థానం 2001లో సమర్థించింది. సర్కస్‌ల నుంచి తెచ్చిన పులులకూ సింహాలకూ విశాఖపట్నం, తిరుపతి జంతుప్రదర్శనశాలల్లోని పునరావాస కేంద్రాలు ఆశ్రయమిచ్చాయి. ఆ సింహాలలో అనేకం ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరాలు. అడవికి పంపడానికి గాని, సంతతిని పెంచడానికి గాని పనికిరానివి. శిక్షకుల ఆత్మకథలు చదివే పరిశోధకులు ఆ కేంద్రాల ఆవరణల్లో వాటి వార్ధక్యం ఎలా గడిచిందో కూడా పరిశీలిస్తే, ఆ గ్రంథాలలో లేని అధ్యాయం దొరుకుతుంది.