మణికట్టు శస్త్రచికిత్స: ‘కోత లేని’ అన్న మాటకు అర్థమెంత?

ఇటీవలి శస్త్రవైద్యంలో ‘కనిష్ఠ ఛేదన’ అన్నంత ప్రచారం మరొక మాటకు రాలేదేమో. మూత్రకోశ వ్యాధులకు శస్త్రచికిత్స చేసిన బ్రిటిష్ వైద్యుడు జాన్ వికమ్ 1980 దశకంలో ఇంగ్లీషులో ఈ భావానికి ఒక పేరు వాడుకలోకి తెచ్చాడు. శస్త్రం శరీరానికి చేసే హానిని వీలైనంత తగ్గించాలన్నది ఆయన ఉద్దేశం. అది జనం నోట ‘కోత లేని ఆపరేషన్’గా మారినది. కోత లేనిదే శస్త్రచికిత్స ఎట్లా అవుతుందని అడిగేవారు తక్కువ. మణికట్టును తీసుకొని ఈ మాటను పరీక్షించడం సులభం. ఏమంటే, ఆ కొద్దిపాటి స్థలంలోనే ఈ మాట ఒకచోట పూర్తిగా నిజం, మరొకచోట సగమే నిజం.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరి ఉన్నవి. అరచేతి వైపున ఇవి కాలువ వలె వంపు తిరిగి ఉంటాయి. ఆ కాలువకు పైకప్పుగా అడ్డంగా ఒక గట్టి సంధిబంధనం ఉన్నది. (ఎముకను ఎముకకు కట్టే పట్టీ సంధిబంధనం, కండరాన్ని ఎముకకు కలిపే త్రాడు స్నాయుబంధనం. విద్యార్థులు ఈ రెండింటిని తరచు తారుమారు చేస్తారు.) ఇట్లా ఏర్పడిన సొరంగంలో నుంచి వ్రేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయుబంధనాలు, వాటితోపాటు మధ్యమ నాడి అనే నరము అరచేతిలోకి పోతాయి. సొరంగం గోడలు సాగవు. లోపల వాపు వస్తే నలిగేది మెత్తని నరమే. అప్పుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవ్రేలికి పోయే నరము వేరు, దాని దారి వేరు. కనుక దానికి ఈ బాధ లేదు. రాత్రివేళ తిమ్మిరి ఎక్కువై రోగి నిద్రలేచి చేయి విదిలించుకుంటాడు. చాలాకాలం ఉపేక్షిస్తే బొటనవ్రేలి మొదట ఉబ్బెత్తుగా ఉండే కండ క్షీణించిపోతుంది.

ఆ నలుగుడు ఎంతటిదో 1981లో అమెరికాలో రిచర్డ్ గెల్బర్‌మన్, ఆయన సహచరులు కొలిచి చూపారు. సొరంగంలోని పీడనం ఆరోగ్యవంతులలో సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం, రోగులలో 32. మణికట్టును అరచేతి వైపునకు బాగా వంచినప్పుడు రోగులలో అది 94కు పెరిగినది. క్లీవ్‌లాండ్ వైద్యుడు జార్జ్ ఫేలెన్ 1950 దశకంలో ప్రచారంలోకి తెచ్చిన పరీక్షకు భౌతిక కారణం ఇదే. మణికట్టును ఒక నిమిషం వంచి ఉంచి, తిమ్మిరి వస్తున్నదా అని చూడటమే ఆ పరీక్ష. ఉపాధ్యాయులకు భౌతిక, జీవశాస్త్రాలు రెండూ ఒకే చేతిలో దొరికే పాఠమిది.

పీడనమే వ్యాధి అయినప్పుడు పైకప్పును కోయడమే చికిత్స. జేమ్స్ లియర్మంత్ 1933లో ఇటువంటి శస్త్రచికిత్సను ప్రకటించాడు. అరచేతి చర్మాన్ని మూడు నాలుగు సెంటీమీటర్లు తెరిచి, కంటితో చూస్తూ బంధనాన్ని కోసే పద్ధతి నేటికీ ఉన్నది. 1980 దశకం చివర జపానులో ఇచిరో ఒకుత్సు, అమెరికాలో జేమ్స్ చౌ అంతర్దర్శినిని, అనగా కొనను దీపపు వెలుగు గల సన్నని దుర్భిణి వంటి గొట్టాన్ని, ఈ పనికి వినియోగించారు. దీనికి సుమారు సెంటీమీటరు ద్వారం ఒకటో రెండో చాలు.

విమర్శకు తావు ఇక్కడనే. తగ్గినది చర్మంపై కోత, దాని క్రింది కొవ్వులో కోత. పైకప్పును మాత్రం రెండు పద్ధతులలోనూ ఈ చివర నుంచి ఆ చివరకు కోయవలసినదే. కొంచెం మిగిల్చినా వ్యాధి మిగులుతుంది. పైగా, నరము నుంచి బొటనవ్రేలి కండకు పోయే శాఖ అందరిలో ఒకే దారిన పోదు. కొందరిలో అది ఆ బంధనాన్నే చీల్చుకొని పైకి వస్తుంది. తెరిచి చూచే వైద్యునికి అది కనబడుతుంది. గొట్టం చూపే ఇరుకు దృశ్యంలో కనబడకపోవచ్చును. దృశ్యం స్పష్టంగా లేనప్పుడు గొట్టాన్ని తీసివేసి చర్మాన్ని తెరిచే వైద్యుణ్ణి ఓడిపోయినవానిగా చూడటం అన్యాయం. 28 పరిశీలనలను కలిపి 2014లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్ష ప్రకారం బాధ తగ్గడంలో రెండు పద్ధతులూ ఇంచుమించు సమానం. అంతర్దర్శినితో చేసినవారు సగటున ఎనిమిది రోజులు ముందుగా పనిలోకి వెళ్ళారు. తాత్కాలికమైన నరాల ఇబ్బందులు వారిలోనే ఎక్కువ. గాయానికి సంబంధించిన చిక్కులు రెండవ వర్గంలో ఎక్కువ. కూలిపని చేసుకొనేవానికి ఎనిమిది రోజులు చిన్న లాభం కాదు. కాని ఆ లాభానికి ‘కోత లేదు’ అని పేరు పెట్టడం తగదు. ‘సూక్ష్మద్వార చికిత్స’ అంటే సరిపోయేది. ఆ పేరు ద్వారం సంగతే చెబుతుంది, లోపలి సంగతిలో వాగ్దానమేమీ చేయదు.

సొరంగాన్ని వదలి ఎముకల నడుమనున్న కీలులోకి వెళితే న్యాయం మారుతుంది. టోక్యోలో కెంజి తకాగి 1918లోనే మూత్రాశయదర్శినితో మృతదేహపు మోకాలి కీలులోకి చూచాడు. మణికట్టు కీలు మరీ ఇరుకు. దానికి తగిన సంధిదర్శిని రావడానికి దశాబ్దాలు పట్టినది. నేడు వాడే గొట్టాల వ్యాసం రెండు మూడు మిల్లీమీటర్లు. వ్రేళ్ళను పైకి లాగి కట్టి, ఎముకల నడుమ సందు పెంచి వాటిని లోనికి పంపుతారు. చిటికెనవ్రేలి వైపున మణికట్టులో త్రికోణాకారపు మృదులాస్థి పలక ఒకటి ఉన్నది. అరచేయి ఊని పడినప్పుడు అది చిరగవచ్చును. తెరిచి దానిని చేరాలంటే కీలు చుట్టూ ఉన్న సంచిని, కొన్నిచోట్ల బంధనాలను కోయాలి. కీలుకు బలమిచ్చేవే అవి. సంధిదర్శిని వాటిని కోయకుండా వాటి నడుమ నుంచి పోతుంది. సన్నని కొక్కెంతో తాకి చిరుగును తేల్చుకోవచ్చును, అక్కడనే సరిచేయవచ్చును కూడా. ఇక్కడ తగ్గినది చర్మపు కోత ఒక్కటే కాదు.

సొరంగపు వ్యాధికి నిజంగా కోత లేని చికిత్స లేకపోలేదు. రాత్రివేళ మణికట్టు వంగకుండా బద్ద కట్టుకోవడమే అది. 176 మంది రోగులపై నెదర్లండ్స్‌లో జరిపిన పరిశీలన 2002లో వెలువడినది. మూడు నెలలకు శస్త్రచికిత్స వర్గంలో నూటికి 80 మందికి, బద్ద కట్టినవారిలో 54 మందికి గుణమిచ్చినది. వ్యాధి తొలిదశలో ఉన్నవానికి ఈ 54 ఆశ చూపే అంకె. బొటనవ్రేలి మొదట కండ కరగనారంభించిన తరువాత ‘కోత లేని’ చికిత్స కోసం ఎదురు చూస్తూ నెలలు గడిపినవానికి మాత్రం బద్ద చాలదు. కరిగిన కండ పూర్తిగా తిరిగి వస్తుందన్న హామీ చిన్న ద్వారమూ ఇవ్వలేదు, పెద్ద కోతా ఇవ్వలేదు.